ఆమోసు విడుదల కొరకు ఉపవాస ప్రార్థన

ఆమోసు పాస్టరు కావడానికి వేదాంత కళాశాలలో చేరాడు. ఆ ఒక్క లోపం తప్ప కుర్రవాడు అన్నివిధాలా బంగారమని ప్రిన్సిపాలుగారే పదిమందిలో అనేవారు.

చేరిన కొత్తలో అది లోపం కాదు. ఆ రోజుల్లో వేదాంత కళాశాలలో చేరినవాళ్లు పాస్టర్లు అవుతారనే మూఢనమ్మకం ఇంకా ఉండేది.

అతనిది మునగలలంక. గోదావరి పాయల మధ్య ఇసుకమేట, కొబ్బరిచెట్లు, ఒక చిన్న ప్రార్థన మందిరం. సంఘాన్ని చూసే ముసలి అయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక మరొకరు రాలేదు. పెళ్లికైనా చావుకైనా ఏటి అవతలినుంచి అరువు అయ్యగారు పడవమీద రావాలి. ఆయనకు తీరిక లేకపోతే పెళ్లికొడుకూ ఆగాలి, పీనుగూ ఆగాలి. పెళ్లికొడుకైతే సణుక్కుంటూ ఆగుతాడు. ఎండాకాలం పీనుగు ఆగదు.

అందుకని లంకలో ఆడవాళ్లు ఒక మాట అనుకున్నారు. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇంట్లోనూ గుప్పెడు తీసి ముంతలో వేశారు. ఆ ముంతలమీద పెత్తనం సలోమమ్మది. అలా పోగైన బియ్యంతో, అందరిలోకీ తక్కువ మాట్లాడే కుర్రాణ్ని ఏరి చదువుకు పంపారు.

"ఎక్కువ మాటాడేవోణ్ని పంపితే పట్నంలోనే ఉండిపోతాడే. ఈడైతే దారి అడగడానిక్కూడా సిగ్గుపడి తిన్నగా ఇంటికొచ్చేత్తాడు" అంది సలోమమ్మ.

చదువు ఆఖరి ఏడాదికి వచ్చేసరికి ప్రిన్సిపాలు రెవరెండ్ డాక్టర్ దయాసాగరంగారు నగరంలో ఒక సదస్సుకు వెళ్లారు. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. వచ్చేటప్పుడు మెడలో నీలం తాడుతో పేరుబిళ్ల, చేతిలో నున్నటి పుస్తకం ఒకటి పట్టుకుని కొత్తగా సున్నం కొట్టిన గోడలా వచ్చారు. ఆ పుస్తకం ఫలితాల మండలివారిది. దేశంలో ఏ కళాశాల ఏ పాటిదో తేల్చి గ్రేడు ఇచ్చేది వాళ్లే.

మర్నాడు ఉదయపు ఆరాధనలో ఆయన ప్రకటించారు.

"ప్రియులారా, ఇంతకాలం మనం చీకటిలో ఉంటిమి. ఎంత నేర్పామో మనకు తెలియును, ఎంత అంటుకున్నదో తెలియదు. కావున నేటినుండి కొలవబడనిది ఏదియు ఈ ప్రాంగణంలో చేయబడదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ప్లేస్‌మెంటు. చదువు ముగించిన ప్రతి విద్యార్థికీ ఒక సంస్థనుండి నియామకపత్రం రావలెను. ఆ సంస్థకు హెచ్చార్ విభాగం ఉండవలెను. జీతం బ్యాంకులో పడవలెను. నూటికి నూరుమందికీ రానియెడల మన గ్రేడు పోవును. గ్రేడు పోయినయెడల గేటు మూయవలసివచ్చును."

వెనక బల్లమీదినుంచి ఆమోసు లేచాడు. చేరిన దగ్గర్నుంచి అతను లేచి ప్రశ్న అడగడం అదే మొదలు.

"అయ్యగారూ, పాస్టరు పని ఇందులో దేనికిందికి వత్తాదండి?"

దయాసాగరంగారు నున్నటి పుస్తకం తిరగేశారు. ముందునుంచి వెనక్కి చూశారు, వెనకనుంచి ముందుకు చూశారు.

"బాబూ, ఇక్కడ ఉపాధి, ఉన్నత విద్య, సొంత వ్యాపారం అని మూడున్నాయి. ఈ మూడింటిలో లేనివారందరూ నిరుద్యోగులు."

"మా సంఘం పిలుత్తాందండి."

"పిలుపు వేరు, ప్లేస్‌మెంటు వేరు. మీ ఊళ్లో హెచ్చార్ ఉందా?"

ఆమోసు కొంచెం ఆలోచించాడు. "లేదండి. సలోమమ్మగారని ఒకావిడ ఉంటారండి."

అందరూ నవ్వారు. ఆమోసు కూర్చున్నాడు.

కొలత ప్రార్థనతో మొదలైంది. అంతకుముందు విద్యార్థులు లోకమంతటా శాంతి కలగాలనీ, రోగులందరూ లేవాలనీ ఎడాపెడా అడిగేవాళ్లు. ఇప్పుడు ప్రతి ప్రార్థనకూ గడువు పెట్టి, నెరవేరిందో లేదో చూడటం మొదలుపెట్టారు. మొదటి నెల ఫలితాలు ఘోరంగా వచ్చాయి. లోకంలో శాంతి రాలేదు. దయాసాగరంగారు కలవరపడ్డారు. అయితే కుర్రాళ్లు తెలివైనవాళ్లు. రెండో నెలకల్లా ఒడుపు దొరికింది.

"ప్రభువా, ఈ మధ్యాహ్నం భోజనాల వేళ కరెంటు తీసివేయుము" అని ఒకడు కన్నీళ్లతో వేడుకున్నాడు. ఆ ఊళ్లో అది నెరవేరని రోజు లేదు. ఇంకొకడు శనివారం తరవాత ఆదివారం దయచేయమన్నాడు. ఫలితాలు చూసి ప్రిన్సిపాలుగారి కళ్లు చెమర్చాయి.

"చూశారా! కొలవడం మొదలుపెట్టగానే విశ్వాసం ఎలా పెరిగిందో!"

తరవాత ప్రసంగాలు కొలిచారు. ప్రసంగానికి ఎన్ని ఆమేన్‌లు పడితే అంత బలం. దానికి కుర్రాళ్లు ఊడ్పుల్లో బదులు కూలికి వెళ్లినట్టు ఏర్పాటు చేసుకున్నారు. ఈరోజు నీ ప్రసంగానికి నేను అరుస్తాను, రేపు నాదానికి నువ్వు అరవాలి. ఆమోసు వంతు వచ్చినప్పుడు అతను బిడ్డ పోయిన తల్లి ఇంటికి వెళ్లినప్పుడు ఏమి అనకూడదో నిదానంగా చెప్పాడు. వింటున్నవాళ్లకు అరవాలని గుర్తురాలేదు. సున్నా పడింది.

హీబ్రూ చెప్పే యిర్మీయా మాస్టారికి మార్కెట్లో గిరాకీ లేదని తేలింది గనుక ఆయన్ని ప్లేస్‌మెంటు అధికారిగా వేశారు. ఆయన ఉత్తర్వు చదువుకుని, కళ్లజోడు తుడుచుకుని, "ఆ లెక్కన ప్రభువు శిష్యుల్లో ముప్పై వెండినాణేలు చేతిలో పడ్డవాడు ఒక్కడే" అన్నారు. అంతకుమించి ఎదురు చెప్పలేదు. పెన్షనుకు దగ్గరున్న మనిషి.

కంపెనీలు వచ్చాయి. బీమా మేనేజరు కుర్రాళ్లను అరగంట మాట్లాడించి చూసి ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"మాస్టారూ, ఇంతకాలం ఈ గనిని ఎక్కడ దాచారండీ? చావు గురించి భయపెట్టడం, ఆ వెంటనే ధైర్యం చెప్పడం... మేం మావాళ్లకి ఆర్నెల్లు నేర్పినా రాదు. మీవాళ్లు తరవాతి సంగతి కూడా చెప్పేస్తున్నారు. నామినీ పేరు ఒక్కటి కలిపితే చాలు!"

అప్పులు వసూలుచేసే కంపెనీవాళ్లు గొంతు గంభీరంగా ఉన్నవాళ్లను ఏరుకున్నారు. గుమ్మంలో నిలబడి, "సహోదరా, నీ దినములు లెక్కింపబడియున్నవి" అంటే ఇంటివాళ్లు తలుపు తీసి కిస్తీ కట్టేస్తున్నారట. స్థలాలు అమ్మేవాళ్లు కూడా వచ్చారు. వాగ్దాన దేశం గురించి చెప్పగలిగినవాడికి ఊరవతల పుట్టలు, తుమ్మలు ఉన్న చోట ప్లాటు అమ్మడం ఎంతసేపు?

అందరికీ పత్రాలు వచ్చాయి. ఆమోసుకు తప్ప. బీమా మేనేజరు అడిగిన ప్రశ్నకు అతను జవాబు చెప్పనే చెప్పాడు.

"తమ్ముడూ, ఒక పెద్దాయన చావుబతుకుల్లో ఉన్నాడు. నువ్వెళ్లి ఏం చెబుతావు?"

"ఏం చెప్పనండి. పక్కన కూకుంటానండి."

మేనేజరు కలం మూత పెట్టేసుకున్నాడు.

ఈ సంగతులేవీ తెలియక లంకనుంచి సంఘపెద్ద నతానియేలు, సలోమమ్మ వచ్చారు. గెల కొబ్బరిబొండాలు ప్రిన్సిపాలుగారి గుమ్మంలో దించి, చేతులు కట్టుకు నిలబడ్డారు.

"ఆయ్, వందనాలండి. మా కుర్రోడి చదువైపోతంది కదండి. ఎప్పుడంపుతారో కనుక్కుందారని వచ్చేవండి" అన్నాడు నతానియేలు.

"కూర్చోండి. మీది ఏ సంస్థ?"

"సమ్‌స్థ కాదండి, సంగం."

"లెటర్‌హెడ్ ఉందా? పత్రంమీద హెచ్చార్ సంతకం ఉండాలి."

నతానియేలు సలోమమ్మకేసి చూశాడు. సలోమమ్మ ముందుకొచ్చింది.

"బాబూ, ఆ కుర్రోణ్ని మా ఇళ్లల్లో గుప్పెడు గుప్పెడు తీసి చదివించుకున్నావండి. తవరు మాకు ఇచ్చేదేటండి, మాదే మాకు?"

దయాసాగరంగారు జాలిగా తల పంకించారు. "అమ్మా, మీరు భాగస్వాములు. భాగస్వాముల ఆకాంక్షలను మేము గౌరవించెదము. కాని ఆ అబ్బాయి మీ ఊరు వస్తే మా లెక్కలో నిరుద్యోగి. వాడొక్కడివల్ల నూరు కాస్తా పోతుంది. మీకు మరొక ఏర్పాటు చేస్తాను. ప్రతి ఆదివారం ఆన్‌లైన్‌లో వాక్యం పంపిస్తాం."

"మరి బూస్తాపనండి?"

"అదీ పంపిస్తాం. సెల్‌ఫోను పెట్టె మీద పెట్టుకోండి."

"గొయ్యి మేం తవ్వుకోవాలాండి, అదీ ఆన్‌లైనులో వత్తాదా?"

నతానియేలు ఆమె కొంగు లాగాడు. బయట అరుగుమీద ఆమోసు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. సలోమమ్మ అతని గడ్డం పట్టి ఎత్తింది.

"ఒరే ఆమోసూ, వత్తావా రావా? ఒక మాట చెప్పు. రాకపోతే ఇంకోణ్ని ఏరుకోవాలి. మళ్లీ మూడేళ్లు పడవకోసం చూసే ఓపిక మా ముసలోళ్లకి లేదు. ముందే చచ్చిపోతాం, అప్పుడూ పడవకోసమే చూడాలి."

"వత్తానండి" అన్నాడు ఆమోసు.

మండలివారు తనిఖీకి వచ్చే రోజు దగ్గరపడింది. దయాసాగరంగారు ఆమోసును పిలిచి బుజ్జగించారు, బెదిరించారు, ఏడ్చారు. "నీ ఒక్కడి పిలుపుకోసం ఇంతమంది అధ్యాపకుల కూడు తీస్తావా?" అన్నారు. ఆమోసుకు ఆ మాట గుచ్చుకుంది. యిర్మీయా మాస్టారి పెన్షను కూడా అందులోనే ఉంది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కాని లంకకు వెళ్లనన్న మాట మాత్రం నోటివెంట రాలేదు.

అప్పుడు కళాశాలలో ప్రకటన అంటించారు. 'ఆమోసు విడుదల కొరకు ఉపవాస ప్రార్థన. మన సహోదరుడు పాస్టరు పనినుండి తప్పింపబడి మంచి కంపెనీలో స్థిరపడునట్లు అందరూ ఏకమనస్సుతో పాల్గొనవలెను.'

వంటశాల పొయ్యి వెలగలేదు. అధ్యాపకులు, విద్యార్థులు మందిరంలో మోకరించారు. ఆమోసు కూడా వాళ్లతో బాటే మోకరించాడు. పెద్దలు ఉపవాసమంటే ఉపవాసమే కదా.

"తండ్రీ! సేవకుడు కావలెనన్న ఈ తలంపు వీనినుండి తొలగిపోవును గాక!" అని దయాసాగరంగారు రెండు చేతులూ చాచి మొరపెట్టారు.

"ఆమేన్!" అని మందిరం దద్దరిల్లింది. బదులు లేకుండా మనస్ఫూర్తిగా పడిన ఆమేన్‌లు ఆ ఏడాదిలో అవే.

పక్కన మోకరించిన స్నేహితుడు మోచేత్తో పొడిచాడు. "ఒరేయ్, ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి. త్వరగా విడుదలై పోరా బాబూ."

ప్రార్థనకు గడువు తనిఖీ రోజు సాయంత్రమని పెట్టారు.

తనిఖీకి ముగ్గురు వచ్చారు. వాళ్ల అధ్యక్షుడు ప్రభుదాసుగారు సఫారీ సూటు వేసుకున్న భారీ మనిషి. ఆయన కూర్చున్నాక గదిలో ఏ వస్తువును చూసినా అది ఎందుకున్నదని అడుగుతారు. శిలువ వేలాడుతున్న గోడకేసి చూసి, "ఇందువల్ల అభ్యసన ఫలితం ఏమిటి?" అన్నారు. ఫలితం లేదని రాసుకున్నారు.

ఆమోసును చివరి గదిలో కూర్చోబెట్టి చేతికి ఫోను ఇచ్చారు. అప్పుల కంపెనీవాళ్లు ఫోనులోనే మాట్లాడి పత్రం పంపడానికి ఒప్పుకున్నారు. ఏది అడిగినా ఔననమని ప్రిన్సిపాలుగారు చెప్పి వెళ్లారు.

ఫోను మోగకముందే గుమ్మంలో నతానియేలు నిలబడ్డాడు. మోకాళ్లదాకా బురద.

"బర్నబా పోయాడ్రా. కొబ్బరి దింపు తీత్తా చెట్టుమీంచి జారిపోయాడు. పొద్దుటేల. అవతలి అయ్యగారు మహాసభలకెళ్లిపోయారంట. కొడుకులిద్దరూ గట్టు తగువుమీద మాటాడుకోట్లేదు, ఒకడు పట్టుకుంటే ఇంకోడు పట్టుకోనంటన్నాడు. ఎండ చూత్తే ఎట్టా ఉందో. పడవ రేవులో ఉంచి వచ్చాను."

ఆమోసు ఫోను బల్లమీద పెట్టాడు. బైటికి రావాలంటే తనిఖీ గదిలోంచే రావాలి. వచ్చాడు.

"ఎక్కడికి?" అన్నారు దయాసాగరంగారు. "ఇంటర్వ్యూ ఉంది కదా!"

"అక్కడికేనండి" అన్నాడు ఆమోసు. చెప్పులు తొడుక్కుని నతానియేలు వెంట వెళ్లిపోయాడు.

ప్రభుదాసుగారు ముచ్చటపడ్డారు. "భేష్! యజమానులే స్వయంగా వచ్చి తీసుకుపోతున్నారే! ఏ రంగం?"

యిర్మీయా మాస్టారు లేచారు.

"పాస్టరు పనండి."

ప్రభుదాసుగారు నున్నటి పుస్తకం తిరగేశారు. ముందునుంచి వెనక్కి చూశారు, వెనకనుంచి ముందుకు చూశారు. "దీనికి సంకేతసంఖ్య లేదే. ఈ విద్యార్థి పట్టభద్రుడైతే మీకు నష్టం."

"అయితే వాడు పట్టభద్రుడు కాడు సార్!" అన్నారు దయాసాగరంగారు. "అనుమతి లేకుండా ప్రాంగణం విడిచాడు. ఇప్పుడే పేరు కొట్టేస్తున్నాను."

అక్కడికక్కడే కొట్టేశారు. కళాశాలకు నూటికి నూరు వచ్చింది. అన్నిటికన్నా పై గ్రేడు ఇచ్చారు. ఉపవాస ప్రార్థన సంగతి కూడా చర్చకు వచ్చింది. కళాశాలనుంచి ఈ ఏడాది ఒక్క పట్టభద్రుడైనా పాస్టరు కాలేదు గనుక, గడువులోగా నెరవేరినట్టే రాసుకున్నారు.

లంకలో ఎండ నడినెత్తిమీద ఉంది. బర్నబాను పెట్టెలో పెట్టి వాకిట్లో ఉంచారు. పెద్దకొడుకు ఇటు చూరుకింద, చిన్నకొడుకు అటు చూరుకింద, ఊరు మధ్యలో.

ఆమోసు చెప్పులు విడిచాడు. ప్రసంగం చేస్తాడని అందరూ చూశారు. చెయ్యలేదు. వెళ్లి పెట్టె మోసే వెదుళ్ల ముందు కొమ్ము ఒకటి పట్టుకుని వంగి అలాగే ఉండిపోయాడు. మిగిలిన మూడు కొమ్ములూ ఖాళీ. చెమట అతని ముక్కుమీంచి పెట్టె మూతమీద చుక్కలుగా పడుతోంది. నతానియేలు రెండో కొమ్ము పట్టబోతే సలోమమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. చూసీ చూసీ పెద్దకొడుకు వచ్చి పట్టుకున్నాడు. అన్న పట్టుకున్నాక నాన్నను వంకరగా మోస్తారేమోనని చిన్నవాడూ వచ్చాడు. నాలుగోది అప్పుడు నతానియేలు పట్టాడు.

మట్టి వేశాక, సమాధి దగ్గరే నతానియేలు అడిగాడు. ఆ లంకల సంఘాల్లో ఆచారం అది. ఎవరు ఏ కాగితం ఇచ్చినా, అయ్యగారిని పిలిచేది సంఘమే, చేతులెత్తి.

"ఆమోసు మనకి అయ్యగారుగా ఉండాలన్నోళ్లు చేతులెత్తండి."

ఎత్తని చేతులు పసిపిల్లల్ని ఎత్తుకున్నవే.

"అయ్యగారండీ, మజ్జిగ తాగుదురుగాని రండి" అంది సలోమమ్మ. పొద్దుటిదాకా ఒరే అన్న మనిషి.

కథ అక్కడితో ముగిసేదే. కాని మరుసటి ఏడు మండలివారు నున్నటి పుస్తకానికి కొత్త అధ్యాయం చేర్చారు. ప్రతి కళాశాలా తాను బోధించే రంగంలో పనిచేస్తున్న నిపుణుణ్ని పిలిపించి ఉపన్యాసం ఇప్పించాలి. దయాసాగరంగారు బీమా మేనేజరు పేరు పంపారు. మీ బోర్డుమీద వేదాంతమని ఉంది, ఆ రంగంవాడే కావాలని జవాబు వచ్చింది. పాత విద్యార్థులందరినీ వెతికారు. ఒకడు ప్లాట్లలో ఉన్నాడు, ఒకడు వసూళ్లలో ఉన్నాడు. రంగంలో ఉన్నవాడు పేరు కొట్టేసినవాడొక్కడే.

"నిపుణుడికి పట్టా ఉండవలెనే!" అన్నారు దయాసాగరంగారు తల పట్టుకుని. "పట్టా ఇస్తే మన పట్టభద్రుడవుతాడు. పట్టభద్రుడైతే నిరుద్యోగి అవుతాడు. నూరు పోతుంది!"

"గౌరవ డాక్టరేటు ఇవ్వండి. అది ప్లేస్‌మెంటు లెక్కలోకి రాదు" అన్నారు యిర్మీయా మాస్టారు.

అలా ఆమోసు పట్టా లేకుండానే డాక్టరయ్యాడు. శాలువా కప్పారు. మాట్లాడమన్నారు. అతను బిక్కచచ్చి నిలబడి, మునగలలంకలో ఉదయంనుంచి సాయంత్రందాకా తాను చేసేది చెప్పాడు. జ్వరం వచ్చినవాళ్ల దగ్గర కూర్చుంటాననీ, తగువు పడ్డవాళ్ల మధ్య నిలబడతాననీ, ఆదివారం వాక్యం చెబుతాననీ, చెప్పడం ఇంకా సరిగా రావడంలేదనీ అన్నాడు. అటూ ఇటూ ఉన్న లంకలన్నింటిలో అయ్యగార్లు లేరనీ, జనం అక్కడ ఇంకా పడవకోసమే చూస్తున్నారనీ చెప్పి కూర్చున్నాడు. ఒక్క ఆమేన్ పడలేదు.

మర్నాడు ప్రిన్సిపాలుగారి బల్లమీద అర్జీలు కనిపించాయి. అన్నీ ఒకటే మాట. 'అయ్యా, దయతో నా పేరు కొట్టివేయ ప్రార్థన.'

దయాసాగరంగారు మొదట గుండె పట్టుకున్నారు. తరవాత నున్నటి పుస్తకం చూసుకుని స్థిమితపడ్డారు. పేరు కొట్టేసినవాళ్లు నూరులో లేరు. ఎంతమందిని కొట్టేసినా నూరు నూరే. ధారాళంగా కొట్టేశారు.

ఇప్పుడు ఆ కళాశాలలో పాసైనవాళ్లందరికీ ఉద్యోగాలు, పేరు పోయినవాళ్లందరికీ సంఘాలు. ఈ సంగతి లంకల్లో తెలిసిపోయింది. మొన్న ఒక సంఘంవాళ్లు పడవ దిగి, బురదకాళ్లతో ప్రిన్సిపాలుగారి గుమ్మంలో నిలబడ్డారు.

"ఆయ్, వందనాలండి. మా ఊరికి అయ్యగారు కావాలండి. పాసైనోడు వద్దండి బాబూ, పేరు కొట్టేసినోణ్ని ఒకణ్ని ఇప్పించండి."

దయాసాగరంగారు గర్వంగా యిర్మీయా మాస్టారివైపు తిరిగారు. "మాస్టారూ, మన దగ్గర అటువంటివాళ్లు ఉన్నారా?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. కుర్రాళ్లు పెట్టెలు సర్దుకుని అరుగుమీద కూర్చుని ఉన్నారు.

"ఈ ఏడు పంట బాగుందండి" అన్నారు.